పెద్దమేస్త్రీ కట్టిన మెట్లు

గొడుగుల కొట్టు, ఇంటి కింది గది
జూన్ 4

తమ్ముడూ,

నీ కొండ మీద ఫోను పలకదు. సామాన్ల జీపు పదిహేను రోజులకోసారి గానీ పైకెక్కదు. అందుకని చెప్పాల్సిందంతా ఒక్క కవరులో కుక్కి పంపుతున్నాను. నేను బాగానే ఉన్నాను. నీ వాతావరణ కేంద్రం వాన లేదని చెప్పిన రోజే నాకు బేరం బాగుంటోంది కాబట్టి నీ ఉద్యోగం చల్లగా ఉండాలి.

అమ్మ పోయి ఏడాది దాటింది. ఇల్లు మనిద్దరి పేర్లకీ చెరి సగంగా మారింది. పక్కింటి పళ్ల డాక్టరు మళ్లీ వచ్చాడు. ఆసుపత్రి పెంచుకోవాలట. సగం ఇల్లు కొని ఏం చేసుకుంటాను, ఇస్తే మొత్తం ఇవ్వండి అన్నాడు. నాకూ ఇచ్చేద్దామనే ఉంది. ఈ సందులో ఇప్పుడెవరూ గొడుగు బాగుచేయించుకోవడం లేదు, విరిగితే పారేస్తున్నారు. బస్టాండు పక్కన చిన్న ఇల్లు చూశాను, ముందు కొట్టు ఉంది. అక్కడైతే ప్రయాణాల సంచులకు జిప్పులు వేసుకుని బతకొచ్చు.

ఆడిటరమ్మ దగ్గరికి వెళ్తే కొత్త సంగతి బయటపడింది. వారసత్వంగా వచ్చినప్పుడు పన్ను లేదట, అమ్మినప్పుడు ఉందట.

"అమ్మిన ధరలోంచి ఖర్చు తీసేస్తే మిగిలేది లాభం. దానిమీద పన్ను, ఎవరి సగానికి వాళ్లు కట్టుకోవాలి" అంది.

"మాకేం ఖర్చయిందమ్మా, ఊరికే వచ్చింది కదా?"

"మీ ఖర్చు కాదు, మీ అమ్మగారికి అయిన ఖర్చు. దస్తావేజులో ఒక్క రేకుల గదే ఉంది. పై రెండంతస్తులూ, ఆ మెట్లూ ఎప్పుడు కట్టారు? బిల్లులేవి?"

ఒక్కటీ లేదన్నాను. కాగితం లేకపోతే ఆ కట్టుబడి అంతా సున్నాయేనట. అప్పుడు పన్ను తడిసి మోపెడవుతుంది.

నువ్వు హాస్టల్లో ఉన్నప్పుడు అమ్మ చెబితే నేను రాసి పంపిన ఉత్తరాలు ఉన్నాయా? ఏ ఏడు ఏ గోడ లేచిందో వాటిలో ఉంటుంది. వెతికి పంపు.

అక్క


కొండ మీద కేంద్రం
జూన్ 20

అక్కకు,

అమ్మేయి. డాక్టరు ఎంతిస్తే అంతకే ఇచ్చేయి. పన్ను ఎంత పడితే అంత కడతాను.

ఆ ఉత్తరాలు నా దగ్గర లేవు. చదువు ముగిసిన రోజునే చించేశాను. బిల్లులు కావాలంటే కట్టినవాణ్ణే అడుగు. పెద్దమేస్త్రీ ఎక్కడున్నాడో నీకు తెలిసే ఉంటుంది. గుమ్మం ముందు విడిచిన ఆయన చెప్పుల సైజు నాకింకా గుర్తుంది.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. నిన్న ఉదయం కొలతలు తీయడానికి బయటికొస్తే మబ్బంతా మా కాళ్ల కిందే ఉంది. కొండ కొస ఒక్కటే పైకి తేలింది. మిగతా లోకమంతా తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను, ఒక్కనాడూ పాతబడలేదు. మనుషులే పాతబడతారు.

తమ్ముడు


గొడుగుల కొట్టు
జూలై 7

తమ్ముడూ,

ఏ చెప్పులు? నీ మాట నాకు అర్థం కాలేదు గానీ చదివినప్పటి నుంచీ ముల్లులా గుచ్చుకుంటోంది.

ముందు పని సంగతి. ఒక దారి దొరికింది. పాత ఇళ్లకు బిల్లులుండవని ప్రభుత్వానికీ తెలుసట. అందుకని ఒక తేదీ పెట్టింది. ఆ తేదీ నాటికే నిలబడి ఉన్న కట్టడమైతే ఆ రోజున ఎంత విలువ చేసేదో లెక్కగట్టించి దాన్నే ఖర్చుగా చూపొచ్చు. ఆ తర్వాత కట్టినదైతే మాత్రం బిల్లు ఉండాల్సిందే. "ఇంకో మంచి సంగతి. కట్టినప్పటి బిల్లులో కొన్న ఇటుక ఉంటుంది, సొంత చెమట ఉండదు. ఈ విలువలో రెండూ ఉంటాయి" అంది ఆడిటరమ్మ.

విలువ కట్టడానికి ఒక పెద్దాయన వచ్చాడు. నలభై ఏళ్లు ఇంజినీరుగా చేసి దిగిపోయినవాడు. గదులు కొలిచాడు, గోడలు తట్టి చూశాడు, ఆవలించాడు. తర్వాత పక్క సందులోకి వచ్చి మెట్లు చూశాడు. టేపు చేతిలోనే ఉండిపోయింది.

మనం రోజూ ఎక్కి దిగిన మెట్లే కదా, నేనెప్పుడూ వాటిని అలా చూడలేదు. కింద స్తంభం లేదు, దూలం లేదు. ఒక్కో రాతి పలకకు ఒక కొస గోడలో ఉంది, రెండో కొస గాలిలో ఉంది. విచ్చుకుంటున్న గొడుగు ఊచల్లా గోడ మలుపు చుట్టూ వంపు తిరిగి డాబా దాకా వెళ్లాయి. ఆయన కిందికి దూరి, వెల్లకిలా పడుకుని చాలాసేపు చూశాడు. లేచాక చొక్కా దులుపుకోలేదు.

"ప్రతి మెట్టూ కింది మెట్టు భుజం మీద కూర్చుందమ్మా. ఒక్కటి అర అంగుళం తేడా వచ్చినా మొత్తం కుప్పకూలేది. ఇలాంటివి నేను పుస్తకాల్లో చదివాను, పెద్ద పెద్ద భవనాల్లో రెండు చూశాను. ఈ సందులో, ఈ ఇంటికి ఎవరు కట్టారు?"

"పెద్దమేస్త్రీ" అన్నాను.

"పేరు?"

"అలాగే పిలిచేవాళ్లం."

"ఎప్పుడు కట్టారో, ఎవరు కట్టారో ప్రమాణ పత్రంలో రాసివ్వాలి. గుర్తు తెచ్చుకోండి. ఆ మహానుభావుడు బతికుంటే నేనే వెళ్లి దణ్ణం పెట్టుకుంటాను."

నీకు తేదీ ఏమైనా గుర్తుందా? నువ్వు హాస్టలు నుంచి సెలవులకు వచ్చేటప్పటికి ఎంతవరకు లేచిందో? దానితోపాటు ఆ చెప్పుల సంగతి కూడా దాచకుండా రాయి.

అక్క


కొండ మీద కేంద్రం
జూలై 24

అక్కా,

నీకు కావలసిన తేదీ ఇస్తున్నాను. సంపూర్ణ సూర్యగ్రహణం రోజు. మా కేంద్రం పాత రిజిస్టరు నుంచి ఆ పేజీ నకలు జత చేశాను. మధ్యాహ్నం పూట పావుగంటలో ఐదు డిగ్రీలు పడిపోయిందని ఎవరో సన్నటి అక్షరాలతో రాసి పెట్టారు.

నాకప్పుడు పదమూడేళ్లు. ముందురోజు ఇంటికొచ్చాను. అమ్మ గుమ్మంలోనే పట్టుకుని, "పెద్దమేస్త్రీ మెట్లు పూర్తి చేసేశాడురా, రేపు డాబా మీంచి చూద్దువు గాని" అంది.

సందంతా మన ఇంటికే వచ్చింది. డాబా నిండిపోయి మిగిలినవాళ్లు మెట్టుకొకరు నిలబడ్డారు. నలభై మందికి తక్కువుండరు. వెలుతురు ముందు పలచబడింది. చీకటి పడుతున్నట్టు కాదు, లోకంలోంచి రంగు ఒక్కటే ఎవరో తీసేస్తున్నట్టు ఉంది. మన వేళ్ల నీడలు కత్తితో కోసినట్టు సన్నగా పడ్డాయి. పిట్టలు గోల చేసి ఒక్కసారిగా ఊరుకున్నాయి. చల్లటి గాలి ఒకటి వచ్చి వెళ్లింది. అప్పుడు సూర్యుడున్న చోట నల్లటి బిలం, దాని చుట్టూ తెల్లటి వెలుగు వెంట్రుకల్లా చెదిరి కనిపించింది. నేను ఈ కొండ మీద ఉన్నానంటే ఆ రెండు నిమిషాల వల్లే.

అమ్మకు చూపిద్దామని వెనక్కి తిరిగాను. అమ్మ ఆకాశం చూడటం లేదు. మెట్ల వంక చూస్తోంది. కళ్లనిండా నీళ్లు. పెదవులు కదులుతున్నాయి. ఆ ముఖం నేనంతకుముందు చూడలేదు.

ఆకాశం తలకిందులవుతుంటే మెట్లను చూస్తున్న మనిషి వాటిని కట్టినవాణ్ణి తలుచుకుంటోందని పదమూడేళ్లవాడికి ఒకరు చెప్పాలా? హాస్టల్లో మన సందు కుర్రాడొకడు "మీ ఇంటి పెద్దమేస్త్రీ బాగున్నాడా" అని అందరి ముందూ నవ్వేవాడు. నేను వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర సిమెంటు అంటిన మగవాళ్ల చెప్పులుండేవి, మనిషి మాత్రం 'ఇప్పుడే వెళ్లాడు'. నాన్న పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఇప్పుడైతే ఆమెను తప్పుపట్టను. అప్పుడు పట్టాను. తర్వాత తిరిగి రావడానికి దారి మరిచిపోయాను.

అడిగావు కాబట్టి రాశాను.

తమ్ముడు


గొడుగుల కొట్టు
ఆగస్టు 8

ఒరేయ్ తమ్ముడూ,

కూర్చుని చదువు.

పెద్దమేస్త్రీ అనే మనిషి లేడు. ఎప్పుడూ లేడు. ఆ ఇల్లు అమ్మ కట్టింది. ప్రతి గోడా, ప్రతి మెట్టూ.

నాన్న పోయాక అమ్మ కట్టడాల దగ్గర తట్ట మోసిందని నీకు తెలుసు. మోస్తూ మోస్తూ మేస్త్రీల చేతులు చూసింది. సిమెంటు మాలు ఎంత పలచన ఉండాలో, రసమట్టం ఎలా పట్టుకోవాలో, తాపీ ఎటు తిప్పాలో అన్నీ కళ్లతోనే నేర్చుకుంది. సందు నిద్ర లేవకముందే, పనికి పోయేముందు మన ఇంట్లో రెండు వరసల ఇటుక పేర్చేది. రోజుకు రెండే వరసలు. అలా ఎనిమిదేళ్లు.

మెట్ల సంగతి వేరు. ఒక పాత సర్కారు కచేరీ భవనం మరమ్మతుకు తట్ట మోయడానికి వెళ్లి అలాంటి మెట్లు చూసింది. రోజూ ఎక్కేటప్పుడు పాత చీర పేలికకు ముడులు వేసుకుని కొలతలు తెచ్చుకునేది. తర్వాత బట్టల సబ్బు ముక్కలు ముక్కలుగా కోసి, మూకుడు చుట్టూ మట్టి మెత్తి, అందులో గుచ్చి కట్టింది. కూలింది. మళ్లీ కట్టింది. ఆ ముక్కల్లో ఒకటి తీసుకుని నేను మొహం కడుక్కున్నానని చెంప పగలగొట్టింది. "అది సబ్బు కాదే, పదకొండో మెట్టు" అంది. పదకొండోసారి కట్టినప్పుడు ఆ సబ్బు మెట్ల మీద ఇస్త్రీ పెట్టె పెట్టింది. నిలబడింది. ఆ రోజు అమ్మ నవ్విన నవ్వు నేను మళ్లీ వినలేదు.

ఆ చెప్పులు అమ్మవే. సున్నం, సిమెంటు కాళ్లను తినేస్తాయని మగవాళ్ల తోలు చెప్పులు సంతలో కొనుక్కుంది.

మరి మేస్త్రీ ఎందుకంటే, నేనూ అదే అడిగాను. "తట్ట మోసేది కట్టిన మెట్లు ఎవడెక్కుతాడే? పెద్దమేస్త్రీ కట్టాడంటే కళ్లు మూసుకుని ఎక్కుతారు" అంది. పై గదులు అద్దెకిస్తేనే నీ హాస్టలు ఫీజు. నీకు కూడా చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. నీ స్నేహితుల ముందు నీకు నామోషీ అవుతుందని అనుకుంది. నువ్వు రావడం మానేసినప్పుడు, తట్ట మోసిన తల్లి అని చిన్నతనపడుతున్నావనే అనుకుంది. నీ మనసులో ఉన్నది మాత్రం మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఆ ఉత్తరాలు రాసిన చెయ్యి నాది. 'పెద్దమేస్త్రీ' అని ఎన్నిసార్లు రాశానో.

గ్రంథాలయానికి వెళ్లి గ్రహణం మర్నాటి పేపరు తీయించాను. మొదటి పేజీలోనే ఉంది. ఎవరో సందులోంచి మన మెట్లను ఫోటో తీశారు. మెట్టుకొక మనిషి, అందరి ముఖాలూ ఆకాశం వైపే. ఒక్క ముఖమే కిందికి ఉంది. భూతద్దం అడిగి తెప్పించుకుని చూశాను. అమ్మ లెక్కపెడుతోందిరా. నలభై మంది ఆవిడ మెట్ల మీద నిలబడటం అదే మొదటిసారి. ఏ మెట్టు మీద ఎంతమంది ఉన్నారో, అవి నిలుస్తాయో లేదోనని పెదవులు కదుపుతోంది.

ఫోటో నకలు పంపుతున్నాను. ప్రభుత్వం పెట్టిన తేదీ దానికి చాలా తర్వాతే ఉంది. మనకు రుజువు దొరికింది.

అక్క


కొండ మీద కేంద్రం
ఆగస్టు 23

అక్కా,

ఉత్తరం తెచ్చిన జీపు కిందికి దిగేదాకా చదువుతూనే ఉన్నాను. ఆ సాయంత్రం కొలతలు తీయలేదు. ఇరవై రెండేళ్లలో రిజిస్టరులో అదొక్కటే ఖాళీ. మా పై అధికారి అడిగితే "మా అమ్మ గురించి తెలిసింది" అన్నాను. ఆయన చనిపోయిందని అనుకుని ఓదార్చాడు. నేను ఓదార్పు పుచ్చుకున్నాను. అది నాకు ఏడాది కిందటే రావాల్సింది.

ఫోటో బల్ల మీద ఉంది. సూర్యుడు మాయమైన క్షణంలో మా అమ్మ భూమి మీద ఒక పనిని చూసుకుంటోంది. ఆ రోజు జరిగిన రెండు వింతల్లో నేను చిన్నదాన్ని చూశాను.

అమ్మొద్దు. డాక్టరుకు నేనే జవాబు రాస్తాను. కావాలంటే నా సగం ఊరికే నీకు రాసిచ్చేస్తాను. డబ్బు పుచ్చుకోను కాబట్టి పన్ను గొడవా ఉండదు. అలాంటి మెట్లను ఒక పళ్ల డాక్టరు చేతిలో పెట్టడం నావల్ల కాదు.

తమ్ముడు


గొడుగుల కొట్టు
సెప్టెంబరు 6

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను. తర్వాత ఒళ్లు మండింది.

నిన్న తెలిసిన అమ్మ కోసం నువ్వు ఇల్లు ఉంచమంటున్నావు. నేను రోజూ చూసిన అమ్మతో అదే ఇంట్లో నలభై ఏళ్లకు పైగా ఉన్నాను. కారిన డాబాకు తారు పూయించింది నేను. అద్దెకున్నవాళ్లతో నోరు పారేసుకున్నది నేను. ఆఖరి ఏడాది అమ్మను ఆ మెట్ల మీదుగా ఎత్తుకుని దింపింది నేను. నీ సగం నాకు ఊరికే ఇచ్చి నువ్వు మళ్లీ కొండెక్కి కూర్చుంటే, ఆ ఇల్లు నా మెడకే కదా?

ఆఖరి రోజుల్లో ఒకసారి నేనే అన్నాను, నీ మెట్లు వదిలి ఎక్కడికీ పోనమ్మా అని. ఏమందో తెలుసా? "మెట్లు ఎక్కి దిగడానికేనే. వాటిమీదే కూర్చుండిపోతావేంటి?" అంది.

నేను దిగుతాను. నాకు బస్టాండు కొట్టు కావాలి.

డాక్టరు సంగతి విను. మెట్లు కూలగొట్టి బండ్లకు చోటు చేద్దామనుకున్న మాట నిజమే. విలువ కట్టిన పెద్దాయన ఆయన్ను చెయ్యి పట్టుకుని సందులోకి లాక్కొచ్చి కింద పడుకోబెట్టాడు. పళ్ల డాక్టరు కదా, కింది నుంచి చూస్తే దవడలో పళ్లు నిలబడ్డట్టే ఉన్నాయని ఆశ్చర్యపోయాడు. ఇల్లు పడగొట్టడు, గదులు మాత్రం మార్చుకుంటాడు. మెట్ల జోలికి పోనని ఒప్పందంలో రాయించాను.

ప్రమాణ పత్రం రాశాను. ఎవరు కట్టారన్న చోట అమ్మ పేరు, ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశాను. ఒట్టు తప్పాను. నువ్వు కూడా వచ్చి దాని కింద సంతకం పెట్టు.

అక్క


కొండ మీద కేంద్రం
అక్టోబరు 19

అక్కా,

క్షేమంగా కొండ మీదికి తిరిగి చేరాను. జీపు మూడు చోట్ల ఆగింది, చలి మొదలైంది.

నువ్వు అన్నదంతా నిజం. అమ్మకూడదని రాసినప్పుడు నేను అమ్మను అడగలేదు, నిన్నూ అడగలేదు.

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా ఆ పత్రం గట్టిగా చదివాడు, గుర్తుందా? "వృత్తి: తాపీమేస్త్రీ" దగ్గర ఆగి, "ఆడవాళ్లకి ఇలా రాయొచ్చా?" అని పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు "కట్టింది కదా, రాయాలి మరి" అన్నాడు. అంత మామూలుగా అనేశాడు. నేను సంతకం తప్పు గడిలో పెట్టి, కొట్టేసి మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

నువ్వు నీ సగం డబ్బుతో మళ్లీ ఇల్లే కొనుక్కున్నావు కాబట్టి నీకు పన్ను పడలేదు. నాకు పడింది, కట్టేశాను. ఆడిటరమ్మ విలువ కట్టిన కాగితం నా ముందు పెట్టి, మెట్లకు వేరుగా వేసిన వరుస చూపించింది. ఆ తేదీకి రెండంతస్తుల కన్నా ఆ మెట్ల విలువే ఎక్కువట. "ఇంజినీరుగారు మూడుసార్లు కొట్టేసి రాశారు, ప్రతిసారీ పెంచుతూనే" అంది. నకలు అడిగి తెచ్చుకున్నాను.

బయల్దేరే ముందు ఒక్కణ్ణే ఎక్కాను. పదమూడేళ్లప్పుడు పైకి చూసుకుంటూ ఎక్కాను కదా. ఈసారి కిందికి చూసుకుంటూ ఎక్కాను. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ఇది ఏ పొద్దున పెట్టిందో అనుకున్నాను. పైకి చేరేసరికి ఎండెక్కింది.

డిసెంబరులో సెలవు పెట్టాను. నీ కొత్త కొట్టుకు వస్తాను. మనిషిని వస్తాను, ఉత్తరం కాదు.

తమ్ముడు


బస్టాండు పక్క కొట్టు
నవంబరు 11

తమ్ముడూ,

రా. మంచం కొన్నాను. బేరం ఊపిరాడనివ్వడం లేదు. లోకంలో ఉన్న సంచులన్నీ బస్టాండుకు వచ్చే చినుగుతాయని తెలియక ఇన్నాళ్లూ ఆ సందులో కూర్చున్నాను.

నిన్న పాత ఇంటివైపు వెళ్లాను. డాక్టరు పై గదులు మార్పిస్తున్నాడు. ఇసుక మోసే ఆడవాళ్లు అయిదారుగురు ఉన్నారు. వాళ్లలో ఒకామె తలమీద నిండు తట్టతో మెట్లెక్కుతూ వంపు దగ్గర ఆగింది. దిగింది. మళ్లీ ఎక్కింది. తట్ట తొణకలేదు.

"ఏంటమ్మా, ఏమైనా పడిపోయిందా?" అన్నాను.

"లేదమ్మా. ఈ మెట్లు చూడండి, అన్నిచోట్లకన్నా ఎత్తు తక్కువ. మోకాలు లేపక్కర్లేదు. ఇదిగో, వంపు తిరిగే చోట ఈ ఒక్క మెట్టూ వెడల్పుగా పెట్టారు, నిలబడి మెడ సర్దుకోడానికి. ఇరవయ్యేళ్లుగా మోస్తున్నాను. మా మెడ సంగతి తలుచుకుని కట్టిన మెట్లు నేనెక్కడా ఎక్కలేదు. ఎవడు కట్టాడో గానీ, తట్ట మోసినవాడే అయ్యుండాలి."

నేను నలభై ఏళ్లు ఎక్కాను తమ్ముడూ. ఇంజినీరు అంగుళం అంగుళం కొలిచాడు. ఇద్దరికీ కనపడలేదు.

"వాడు కాదు, ఆవిడ. మా అమ్మ కట్టింది. తట్ట మోసేది" అన్నాను.

ఆమె నావైపు తిరగలేదు. తలమీద బరువుంది కదా, తిరగకూడదు. నిటారుగా అలాగే నిలబడి, ఇసుక కుప్ప దగ్గరున్న వాళ్లందరికీ వినబడేలా కేకేసింది.

"ఇటు రండే! ఈ మెట్లు మనలాంటిదే కట్టిందంట!"

అక్క